అమెరికా అంటరానివాడు: బెంజమిన్ మేస్

1937 జనవరి. ప్రపంచ వైఎంసీఏ మహాసభకు మైసూరు వచ్చిన ఒక నల్లజాతి ప్రొఫెసర్‌ను అక్కడి అంటరాని పిల్లల బడి హెడ్మాస్టర్ తన బడికి ఆహ్వానించాడు. ఈయనా అంటరానివాడేనని, అయినా ఇంతవాడయ్యాడని పిల్లలకు పరిచయం చేశాడు. అతిథికి ముందు కోపం వచ్చింది. కాసేపటికే అర్థమైంది: సొంత దేశంలో తన స్థానం అదే.

ఆయనే బెంజమిన్ ఎలైజా మేస్.

1894లో దక్షిణ కరోలినాలో పుట్టారు. అమ్మానాన్నలు బానిసత్వంలో పుట్టినవాళ్లు. పత్తి చేలల్లో కౌలు బతుకు, ఎనిమిది మంది పిల్లల్లో ఈయనే చివరివాడు. 1898లో తుపాకులు పట్టుకున్న తెల్లవాళ్ల గుంపు తండ్రి చేత టోపీ తీయించి, మళ్లీ మళ్లీ వంగి దండం పెట్టించింది. ఆయనకున్న తొలి జ్ఞాపకం అదే. బడి ఏడాదికి నాలుగు నెలలే, మిగతా కాలం పొలం పని. చదువు మానమన్న తండ్రిని ఎదిరించి చదివారు. రైళ్లలో పోర్టర్‌గా పనిచేశారు. షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ వచ్చేసరికి 1935.

మైసూరు ప్రయాణంలోనే ఆయన వార్ధాలో గాంధీని కలిశారు. అహింస గురించి తెలుసుకున్నారు. అంటరానితనంపై పోరాడే మీరు కుల వ్యవస్థ మీదే ఎందుకు యుద్ధం ప్రకటించరని కూడా అడిగారు. కులం పని విభజన అన్నట్టుగా గాంధీ జవాబిచ్చారు. అప్పటికి కొన్ని నెలల ముందే అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ను అచ్చు వేయించారు. ఎక్కడో అట్లాంటిక్ అవతల పుట్టిన మనిషి కూడా నేరుగా ఆ ప్రశ్న దగ్గరికే వచ్చాడు.

1940లో అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీకి ప్రెసిడెంట్ అయ్యారు. అది నల్లజాతి యువకుల కాలేజీ. ఫీజు బాకీలు గట్టిగా వసూలు చేస్తారని విద్యార్థులు ‘బక్ బెన్నీ’ అని పేరు పెట్టారు. అదే విద్యార్థులు మంగళవారాల ప్రసంగానికి చెవులు రిక్కించి కూర్చునేవారు. నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టే సినిమా హాలుకు డబ్బిచ్చి వెళ్లి అవమానం కొనుక్కోవద్దని వాళ్లకు నేర్పారు.

యుద్ధం వల్ల విద్యార్థులు తగ్గిపోవడంతో కాలేజీ చిన్న వయసు పిల్లలనూ చేర్చుకుంది. అలా 1944లో పదిహేనేళ్ల మార్టిన్ లూథర్ కింగ్ వచ్చాడు. ప్రసంగం అయ్యాక మేస్ దగ్గరికి వెళ్లి వాదించేవాడు. 1956లో మాంట్‌గొమరీ బస్సు బహిష్కరణ నడుస్తున్నప్పుడు, ప్రాణాపాయం ఉందని కింగ్‌ను అతని తండ్రి అట్లాంటాలోనే ఆపేయాలని చూశారు. తిరిగి వెళ్లాలన్న కింగ్ నిర్ణయానికి మేస్ అండగా నిలిచారు. 1968 ఏప్రిల్ 9న ఆ శిష్యుడి అంత్యక్రియల్లో నివాళి ప్రసంగం చేయాల్సి వచ్చింది కూడా ఆయనే.

27 ఏళ్లు పనిచేసి 1967లో ఆ పదవి నుంచి దిగారు. విశ్రాంతి తీసుకోలేదు. అట్లాంటా స్కూల్ బోర్డుకు 1970 నుంచి 1981 దాకా అధ్యక్షుడు. 1984లో కన్నుమూశారు.

పీహెచ్‌డీ చేస్తున్న నాకు ఈ జీవితం ఊరికే గుర్తు రాలేదు. మన క్యాంపస్‌లలో ర్యాంకు అడిగి కులం ఆరా తీసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఫెలోషిప్ ఆగితే ఎవరి తలుపు తట్టాలో తెలియని పిల్లలున్నారు. పైకుర్చీలో కూర్చున్న మనిషి మనవైపు నిలబడితే ఒక తరం ఎలా తయారవుతుందో మోర్‌హౌస్ చూపించింది. అలాంటి కుర్చీల్లోకి మనవాళ్లు వెళ్లాలి. వెళ్లాక, మేస్‌కు మైసూరు బడి గుర్తున్నట్టు, వాళ్లకు వాడ గుర్తుండాలి.