బడి వదిలాక పిల్లలకో చోటు: రేడియో అన్నయ్య పోరు

1945 ఆగస్టులో మద్రాసు నుంచి ‘బాల’ అనే తెలుగు మాసపత్రిక మొదలైంది. ఆ ఏడాదే అందులో ముళ్ళపూడి వెంకటరమణ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడి కథ అచ్చయింది. అతనికి తండ్రి లేడు. తల్లి విస్తళ్ళు కుట్టి, దొరికిన పనల్లా చేసి పిల్లలను సాకుతోంది. అతని స్నేహితుడు, తరువాత బాపుగా పేరుపడ్డ సత్తిరాజు లక్ష్మీనారాయణ తొలి బొమ్మలకు కూడా ఆ పత్రికే చోటిచ్చింది. వాళ్ళిద్దరూ ఆ తరువాత ఏమయ్యారో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. కానీ ఆ వయసు పిల్లలు రాసినదాన్ని, గీసినదాన్ని అచ్చువేయవచ్చని ఆ రోజుల్లో ఎవరికి తోచింది? న్యాయపతి రాఘవరావుకు, ఆయన భార్య కామేశ్వరికి తోచింది. తెలుగునాట వాళ్ళను ఆ పేర్లతో పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. భార్యాభర్తలను అన్నయ్యా అక్కయ్యా అని పిలవడమేమిటని ఏ మేనత్తయినా వరస తీసి నవ్వి ఉంటుంది. పిల్లలకు మాత్రం ఆ తేడా ఎన్నడూ పట్టలేదు.

రాఘవరావు 1905 ఏప్రిల్ 13న బరంపురంలో పుట్టారు. అప్పటికి ఆ ఊరు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉంది. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు అటు వెళ్ళిపోయింది. ఇంట్లో ఒక భాష, వీధిలో రెండు భాషలు ఉండే ఊరు అది. అటువంటి ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఒక సంగతి చిన్నప్పుడే తెలుస్తుంది. పిల్లలకు భాష బడిలో కంటే ముందు ఆటలో, పాటలో, తోటివాళ్ళతో పోట్లాటలో అబ్బుతుంది. ఆయన చేసిన పనంతటికీ ఈ ఎరుకే పునాది అనిపిస్తుంది.

మద్రాసులో ఆకాశవాణి కేంద్రం 1938 జూన్‌లో మొదలైంది. కొత్త సాధనం కావడంతో అందులో ఏది ఎలా చేయాలో ఎవరూ గిరి గీయలేదు. పిల్లల కార్యక్రమం అంటే ఒక పెద్దాయన మైకు ముందు కూర్చుని నీతికథ చెప్పడం అని స్థిరపడిపోయే ప్రమాదం అప్పుడు బాగానే ఉంది. ఈ దంపతులు దాన్ని తిరగేశారు. మైకు పిల్లలకిచ్చారు. పాటలు, పొడుపుకథలు, చిన్న నాటికలు అన్నీ పిల్లల గొంతుల్లోనే వినిపించాయి. ఆ కాలంలో రేడియో కార్యక్రమాలు ఎక్కువగా అప్పటికప్పుడు ప్రసారమయ్యేవే. ముందే రికార్డు చేసుకుని తప్పులు కత్తిరించే వెసులుబాటు లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల మాట మరిచిపోతే ఆ మరపు ఆంధ్రదేశమంతా వింటుంది. అందుకే పక్కన నిలబడే పెద్దవాళ్ళకు ఓర్పు, తప్పును ఆటగా మార్చే చమత్కారం రెండూ కావాలి. అన్నయ్య, అక్కయ్య అన్న పిలుపు అక్కడ అక్కరకొచ్చింది. మాస్టారి ముందు తప్పు పలికితే భయం, అన్నయ్య ముందు పలికితే నవ్వు.

అయితే మైకు ముందుకు రావాలంటే ముందు సాధన కావాలి. సాధనకు బడి లేని వేళ కావాలి, చోటు కావాలి, పదిమంది తోటి పిల్లలు కావాలి. ఈ అవసరమే 1940లో బాలానంద సంఘమైంది. రేడియోలో వినిపించింది పైకి కనిపించే కొమ్మ. వేరు మాత్రం సంఘంలో ఉంది. బడి వదిలాక, సెలవు రోజుల్లో పిల్లలు ఒకచోట చేరి పాడుకోవడం, ఆడుకోవడం, నాటకం వేసుకోవడం అనే అలవాటుకు అది పెట్టిన పేరు. రేడియోలో విన్న పిల్లలు తమ ఊళ్ళోనూ అలాంటిది పెట్టుకోవచ్చని గ్రహించారు. ఊరూరా బాలానంద సంఘాలు వెలిశాయి. పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒక అరుగో, పందిరో, విసుక్కోని ఒక పెద్దమనిషో ఉంటే చాలు. ఆ మూడింటిలో దొరకడం కష్టమైనది చివరిదే.

దీనికి ఎదురుగాలి లేకపోలేదు. చదువంటే పుస్తకం, పుస్తకమంటే పరీక్ష, తక్కినదంతా కాలక్షేపం అనుకునే ఇళ్ళు అప్పుడూ ఎక్కువే. ఆడపిల్ల నలుగురిలో పాడటం, నాటకం వేయడం చాలా కుటుంబాలకు మింగుడుపడేది కాదు. కామేశ్వరి ఉండటం వల్లే ఎంతోమంది తల్లులు ధైర్యం చేసి ఉంటారు. ఆమె పాత్రను భర్త పనికి తోడుగా చెప్పి వదిలేయడం మనకు అలవాటైపోయింది గానీ, అక్కయ్య లేని బాలానందం సగం ఇళ్ళ గడప దాటేది కాదు. రాఘవరావు తన వాదనను రేడియోలో, పత్రికలో, సభల్లో పెద్దలకు వినిపిస్తూనే వచ్చారు. ఆట చదువుకు అడ్డం కాదనీ, పిల్లలకు తమదైన వేళ ఒకటి ఉండాలనీ, దాన్ని నిలబెట్టే బాధ్యత ఇంటిది మాత్రమే కాదనీ దాని సారం. ‘బాల’ పత్రిక ఆ వాదనకు రుజువు. ఇంకో రెండేళ్ళకు, 1947 జూలైలో, ‘చందమామ’ వచ్చి కథలతో పిల్లల మనసు దోచుకుంది. చందమామ పిల్లలకు చదవడం ఇచ్చింది. బాల వాళ్ళకు రాయడం కూడా ఇచ్చింది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ దంపతులు హైదరాబాదు చేరారు. సంఘం కూడా వాళ్ళతో కదిలింది. హైదరాబాదు కేంద్రం నుంచి ప్రసారమైన బాలానందం, బాలవినోదం ఒక తరానికి వారాంతపు మధ్యాహ్నాలకు మారుపేర్లయ్యాయి. కోస్తా యాస, తెలంగాణ యాస ఒకే పాటలో కలవడం చాలామంది పిల్లలు మొదటిసారి విన్నది అక్కడేనంటే ఆశ్చర్యం లేదు. ఢిల్లీలో నెహ్రూ చొరవతో జాతీయ బాలభవన్ పుట్టిందీ 1956లోనే. తరువాత హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోనూ జవహర్ బాలభవన్ వచ్చింది. అంటే బడి తరువాతి వేళకు ప్రభుత్వం చోటు చూపాల్సిందేనన్న ఆలోచన దేశంలో బలపడుతున్న రోజులవి. తెలుగువాళ్ళలో ఆ పని అప్పటికే పదహారేళ్ళుగా ఇద్దరు మనుషులు చేస్తున్నారు.

ఆ ప్రయత్నానికి హద్దులూ ఉన్నాయి. రేడియో కొనాలంటే డబ్బు, ఉంచుకోవాలంటే ఏటా లైసెన్సు. అది మధ్యతరగతి ఇంటి వస్తువు. పొలంలో, బట్టీలో పనిచేసే పిల్లలకు బడే లేనప్పుడు బడి తరువాత అన్న మాటెక్కడిది? బాలానందం పాటలు ఆ పిల్లల దాకా పెద్దగా వెళ్ళలేదు.

కానీ ఆయన లేవనెత్తిన ప్రశ్న ఆయన తిరిగిన ఊళ్ళు దాటి చాలా దూరం పోతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని చరోదానే చూడండి. భిలాయి ఉక్కు కర్మాగారాన్ని అంటిపెట్టుకుని పెరిగిన రైల్వే ఊరు, పెద్ద మార్షలింగ్ యార్డు ఉన్నచోటు. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్ళే రైలు మార్గం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలను భిలాయి వైపు తీసుకెళ్ళింది. అక్కడ ఇంటి గడియారం షిఫ్టుతో నడుస్తుంది. మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళిన తండ్రి రాత్రి పదింటికి గానీ రాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు పడుకుంటాడు, ఇంట్లో పిల్లలు గొంతెత్తకూడదు. బడి పాఠాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. అలాంటి ఊళ్ళో సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా పిల్లవాడు ఎక్కడ ఉంటాడు, ఎవరితో ఉంటాడు, ఏ భాషలో నవ్వుతాడు అన్నవి చిన్న ప్రశ్నలు కావు. బరంపురంలో పుట్టిన మనిషికి ఆ ఇబ్బంది ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని ఉండేది కాదు.

రాఘవరావుకు, కామేశ్వరికి సొంత పిల్లలు లేరు. ఆ లోటు వల్లే ఊరి పిల్లలను చేరదీశారని సానుభూతిగా చెప్పడం మనలో పరిపాటి. ఆ వివరణ వాళ్ళ పనిని చిన్నబుచ్చుతుంది. నలభై ఏళ్ళకు పైగా సాగిన పనిని లోటు నడపలేదు. పిల్లలు కూడా పౌరులే, వాళ్ళ కాలానికీ విలువ ఉందన్న నమ్మకం నడిపింది. ఐతే ఆ పని ఇద్దరు మనుషుల భుజాల మీదే ఎక్కువగా ఆనడం దాని బలహీనత కూడా. కామేశ్వరి 1980లో కన్నుమూశారు. రాఘవరావు 1984 ఫిబ్రవరి 24న వెళ్ళిపోయారు. అప్పటికి టీవీ ఇళ్ళలోకి వస్తోంది. పిల్లల సాయంత్రాలకు కొత్త హక్కుదారులు తయారవుతున్నారు.

ఆయన పోయిన ఐదేళ్ళకు, 1989లో, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. అందులోని 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను, కళల్లో పాల్గొనడాన్ని పిల్లల హక్కుగా గుర్తించింది. భారతదేశం 1992లో దానికి ఒప్పుకుంది. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో పిల్లల కార్యక్రమాలను తురగా జానకీరాణి చేపట్టి చాలా ఏళ్ళు నడిపారు. రేడియో అక్కయ్య అన్న పేరు ఆమెకూ దక్కింది. రేడియో అన్నయ్య అన్న పేరు మాత్రం మరెవరికీ అతకలేదు.