శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు - ఐర్లండు దేశము

మన యామదాలవలస రైలుస్టేషనునకు శ్రీకాకుళం రోడ్డని పేరు. ఈ దారిని పూర్వము బెంగాలు నాగపూరు రైల్వే వారు నడిపెడివారు. ఆ రైల్వే పనివారికి నాయకుడై, మన జిల్లాలోని పాతపట్నము తరఫున లోకసభకు ప్రతినిధియై, తుదకు భారత రాష్ట్రపతియైన శ్రీ వి. వి. గిరిగారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయఁ బూనితిమి. ఆయన విద్యాభ్యాసము ఐర్లండులో జరిగినది గావున ఆ దేశ విశేషములను గూడ కొన్నింటిని చేర్చుచున్నాము.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీని బరంపురమున తెలుగు కుటుంబములో జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు పేరొందిన న్యాయవాది. 1913లో గిరిగారు న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లండు ముఖ్యపట్టణమైన డబ్లినునకు వెళ్లిరి.

ఐర్లండు ఇంగ్లండునకు పడమటనున్న ద్వీపము. అప్పుడు అదియు మనవలెనే ఆంగ్లేయుల యేలుబడిలో నుండెను. అచటివారి స్వభాష ఐరిష్. మన వాక్యమున క్రియ సాధారణముగా తుదిని వచ్చును. వారి వాక్యమున మొదటనే వచ్చును. అవును, కాదు అనుటకు వారికి ప్రత్యేక పదములు లేవు. అడిగిన క్రియనే తిరిగి చెప్పుదురు. వారి పూర్వపు అక్షరమాలలో 18 అక్షరములే కలవు. 1845లో బంగాళాదుంప పైరునకు తెగులు సోకి ఘోరమైన కరవు సంభవించెను. కొలది యేండ్లలో సుమారు పదిలక్షలమంది మరణించిరి. మరి పదిలక్షలమంది ఓడలెక్కి పరదేశముల పాలైరి. ఐరిష్ మాటలాడు పేదపల్లెలే మిక్కిలి పాడగుటచే భాషయు క్షీణించెను. దానిని నిలుపుటకై 1893లో డగ్లస్ హైడ్ మున్నగువారు గేలిక్ సంఘమును స్థాపించిరి. ఈ హైడుగారే 1938లో ఆ దేశమునకు ప్రథమాధ్యక్షులైరి.

గిరిగారు డబ్లిను చేరిన యేటనే అచటి యజమానులు కార్మిక సంఘమును విడువని కూలీలను పనిలోనికి రానీయక తలుపులు మూసిరి. దాదాపు 20,000 మంది నెలల తరబడి ఆకలిబాధ పడిరి. వారి నాయకులలో జేమ్స్ కానలీ యొకడు. గిరిగారు చదివిన కళాశాలలోనే తామస్ మక్డొనా యను కవి ఆంగ్ల సాహిత్యము బోధించుచుండెను. 1916 ఈస్టరు దినములలో స్వాతంత్ర్యమునకై జరిగిన తిరుగుబాటులో ఆ కూలీల నాయకుడును, ఈ పండితుడును ఒక్క పక్షమున నిలిచిరి. మే నెలలో ఇరువురును తుపాకులకు బలియైరి. గాయములచే నిలువలేని కానలీని కుర్చీలో కూర్చుండబెట్టి కాల్చిరి. ఐరిష్ జాతీయవాదులతో చెలిమి కలదని అనుమానింపబడిన గిరిగారు ఆ యేడే ఆ దేశము విడువవలసి వచ్చెను.

చదువుకొన్నవాడు శ్రమపడువాని ప్రక్కన నిలువవలెనను పాఠము ఆయనను విడువలేదు. బరంపురమున న్యాయవాదియై ధనార్జనకు మార్గము తెరచియుండియు, సహాయనిరాకరణోద్యమమున చేరి చెరసాలకు వెళ్లిరి. తరువాత బెంగాలు నాగపూరు రైల్వే కార్మికుల సంఘమును నడిపి, 1928లో పనినుండి తొలగింపబడినవారి కొఱకు శాంతియుతముగా సమ్మె చేయించిరి. 1937 ఎన్నికలలో బొబ్బిలిలో, అంతవరకు మద్రాసు ప్రధానిగా నుండిన బొబ్బిలి రాజావారినే ఓడించి, మద్రాసు ప్రభుత్వమున కార్మికమంత్రి యైరి.

1952లో పాతపట్నము ప్రజలు వారిని లోకసభకు పంపగా కేంద్ర కార్మికమంత్రి పదవి లభించెను. బ్యాంకు ఉద్యోగుల జీతములను గూర్చి న్యాయమండలి చేసిన తీర్పును ప్రభుత్వము మార్చగా, 1954లో ఆ పదవిని వదలుకొనిరి. ఆడినమాట కంటె పదవి గొప్పది కాదని చూపిన ఈ ఘట్టమే వారి జీవితమున మిక్కిలి గొప్పదని మా తలంపు.

పిదప మూడు రాష్ట్రములకు గవర్నరుగాను, 1967లో ఉపరాష్ట్రపతిగాను, 1969 మొదలు 1974 వరకు రాష్ట్రపతిగాను పనిచేసిరి. 1975లో భారతరత్న బిరుదము పొందిరి. 1980 జూన్ 24వ తేదీని మద్రాసులో స్వర్గస్థులైరి.

ప్రియ విద్యార్థులారా! మీలో ననేకులు దూరదేశములకు చదువులకై వెళ్లవచ్చును. అచటనుండి పట్టాతో పాటు ఏమి తెచ్చెదరో ఇప్పుడే ఆలోచింపుడు. మన స్టేషనులో మూటలు మోయువారిని, ఎండలో పట్టాలు సరిచేయువారిని గౌరవముతో చూచుట నేర్చినచో, గిరిగారు డబ్లినులో నేర్చిన పాఠమును మీరిచటనే నేర్చినవారగుదురు.