యల్లాప్రగడ సుబ్బారావు

దమ్మపేట పరిసరములందలి అడవి పల్లెలనుండి బడికి వచ్చెడు పిల్లలను పెద్దయైన పిదప ఏమి కాదలచితిరని అడిగినచో, ఒకరిద్దరు డాక్టరు కావలెనని తప్పక చెప్పుదురు. చెప్పి వెంటనే తల వంచుకొందురు. ఆ చదువునకు వలయు ధనము తమ యింట లేదని వారెరుగుదురు. ఇట్టి చింతతోనే పెరిగిన ఒక తెలుగు బాలుని చరిత్రమిది.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథముగారు అనారోగ్యముచే ఉద్యోగమును ముందుగనే విడిచిరి. బాలునికి చదువుపై మనసు నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవచ్చునని యిల్లు విడిచి పోయెను. తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించి మరల బడిలో చేర్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి గట్టెక్కెను. మావంటి ఉపాధ్యాయులు అట్టివానిని చూచి పెదవి విరిచియే యుందుము.

సన్యసింపగోరిన ఆ యువకుని రామకృష్ణ మఠమువారు వైద్యము నేర్చి ప్రజలకు సేవ చేయుమని ప్రోత్సహించిరి. మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. కాని వ్యయమెట్లు? స్నేహితులును, తరువాత పిల్లనిచ్చిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ఆ భారము వహించిరి. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు దుస్తులు ధరించినందున శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. వ్రాతపరీక్షలందు చక్కగా రాణించినను ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ఆ కాలముననే ఎనిమిది దినముల వ్యవధిలో ఇరువురు సోదరులు మరణించిరి. అందు పురుషోత్తముని బలిగొన్నది స్ప్రూ అను జీర్ణవ్యాధి. దానికి అప్పుడు మందు లేదు.

కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకరు ధర్మసంస్థ చేయూత వాగ్దానము చేయగా, మామగారు మరల ధనము సమకూర్పగా, ఆయన 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను చేరెను. పగలు హార్వర్డులో ఉష్ణమండల వైద్యము చదువుచు, పొట్టకొరకు రాత్రివేళ ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగెను. డాక్టరు చేయదగిన పనియా అని ఆయన వెనుదీయలేదు.

1925లో ఫిస్కే అను ఆచార్యునితో కలసి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. అటుపిమ్మట కండరములకు శక్తి నొసగు ఏ.టి.పి. అను పదార్థమును వారు కనుగొనిరి. పై తరగతులలో మీరు దానిని గూర్చి చదువుదురు. హార్వర్డు ఆయనకు స్థిరమగు ఆచార్యపదవి నీయలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు పోయి అచ్చటి పరిశోధనలకు నాయకుడయ్యెను.

1945 నాటికి ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసెను. స్ప్రూ వ్యాధికి అది మందయ్యెను. పురుషోత్తమునికి మాత్రము ఆలస్యమైపోయెను. నేడు వారమున కొకమారు బడిలో మీకిచ్చెడు నీలిరంగు మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఆ ఆమ్లమే. బోదకాలు వ్యాధికి వాడెడు హెట్రజాను 1947లో అచ్చటనే వెలువడెను. రక్తపు క్యాన్సరుతో బాధపడు పిల్లలకు తొలిసారి కొంత ఉపశమనము కలిగించిన అమినోప్టెరినును ఆ బృందము చేసినదే.

1948 ఆగస్టులో న్యూయార్కునందు నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించెను. అప్పటికి వయస్సు 53 సంవత్సరములు. తాను వెడలిన పిదప పుట్టిన కుమారుడు శైశవముననే మరణించియుండెను. 1922లో తన్ను సాగనంపిన భార్య శేషగిరిగారిని ఆయన మరల చూడనేలేదు.