గోవా విడుదల కోసం బొంబాయిలో...



ఉప్పాడ వారికి యానాం ఎంత దూరమో చెప్పనక్కరలేదు. 1954 జూన్ 13న అక్కడ ఫ్రెంచివారి ఏలుబడి పోయింది. పడమటి తీరాన గోవాను మాత్రం పోర్చుగీసువారు వదల్లేదు. గోవా అనగానే మనకు పునీత ఫ్రాన్సిస్ శౌరివారి పవిత్ర దేహం గుర్తొస్తుంది. ఆ నేల స్వాతంత్ర్యం కోసం జైలు పాలైన కతోలిక కుటుంబీకుడు ఒకరున్నారు. ఆయన పేరు ట్రిస్టావ్ బ్రగాంజా కున్యా.

1891లో చాందోర్ గ్రామంలో పుట్టారు. కొంత చదువు పుదుచ్చేరిలో, ఇంజనీరింగు పారిస్‌లో. 1926లో తిరిగొచ్చి, 1928లో గోవా కాంగ్రెసు కమిటీ పెట్టారు. సలజార్ నియంతృత్వంలో అది సాగలేదు. పని బొంబాయికి మారింది.

బొంబాయే ఎందుకంటారా? అక్కడ ఓడ కళాసీలు, వంటవారు, బ్యాండు వాయిద్యగాళ్ళు, గుమాస్తాలు వేల మంది గోవావారే. ఊరికొకటి చొప్పున వారికి బసలుండేవి. వాటిని 'కూడ్' అనేవారు. మనకు కూడు అంటే అన్నం, వారికి గది! అందులో ఒక పీఠం, సాయంత్రం జపమాల. గోవా కతోలికుల దేశమనీ, కతోలికులు పోర్చుగల్‌కే చెందుతారనీ సలజార్ వాదన. ఇండియాలో కలిస్తే మన విశ్వాసం ఏమవుతుందోనని చాలామంది నిజంగానే భయపడ్డారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి.

కున్యా 1944లో ఒక పుస్తకం రాశారు. భాష, వేషం, పేరు మార్చి గోవావారిని సొంత గడ్డకే పరాయివారిని చేశారన్నది దాని సారం. శ్రీసభ గురించి ఆయన రాసినవి కొన్ని మనకు రుచించవు. అయినా జ్ఞానస్నానానికీ పోర్చుగల్ జెండాకూ ముడి లేదన్నంత వరకు ఆయన మాట సబబే.

1946 జూన్ 18న లోహియాగారు మడ్గాంవ్‌లో సభ పెట్టారు. మరుసటి నెలలో కున్యాను పట్టుకుని ఆగ్వాడ కోటలో చీకటి గదిలో ఉంచారు. సైనిక న్యాయస్థానం 8 ఏళ్ళ శిక్ష వేసి, పోర్చుగల్‌లోని పెనీషె కోటకు పంపింది. 1950లో విడిచిపెట్టినా దేశం దాటనివ్వలేదు. 1953లో తప్పించుకుని పారిస్ మీదుగా బొంబాయి చేరారు. 'ఫ్రీ గోవా' పత్రిక నడిపారు.

1955 జూలైలో నెహ్రూ రోములో 12వ పయస్ పోపుగారిని కలిశారు. గోవా వివాదం రాజకీయమే గాని మతపరమైనది కాదని పోపుగారు కూడా అంగీకరించినట్లు తర్వాత విలేకరులకు చెప్పారు. బొంబాయి కూడ్‌లలో ఈ వార్త ఎంత ఊరటో ఊహించుకోండి.

1958 సెప్టెంబరు 26న కున్యా బొంబాయిలోనే కన్నుమూశారు. 1961 డిసెంబరు 19న గోవా విడుదలైంది. ఆయన అస్థికలు మాత్రం 1986లో గాని పణజి చేరలేదు.