కూలి లెక్క నేర్పిన పంతులమ్మ

పారిశ్రామిక విప్లవం పాఠం చెప్పేటప్పుడు మా సోలాపూర్ బడిలో ఇంచుమించు ప్రతి ఏడూ ఒక ప్రశ్న వస్తుంది. సాంచెలు నడిపేవాళ్ల పిల్లలో, బీడీలు చుట్టే తల్లుల పిల్లలో అడుగుతారు. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా పని చేసేది మా ఇంట్లోవాళ్లయితే, మేడ మీద మేడ వేసేది సేటు ఎలా అయ్యాడని. పెట్టుబడి ఆయనది కదా అని చెప్పి పాఠం ముందుకు నడిపించడం తేలికే. నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను.

సుమారు నూట ఇరవై ఏళ్ల కిందట బెర్లిన్‌లో ఒక పంతులమ్మ ఇదే ప్రశ్న చుట్టూ ఆరు నెలల చదువు నడిపారు. ఆమె రోజా లక్సెంబర్గ్. విప్లవకారిణిగా ఆమె పేరు చాలామంది విన్నదే. ఏడేళ్లపాటు కార్మికులకు పాఠాలు చెప్పారన్న సంగతి అంతగా తెలియదు. ఆమె చిన్ననాటి బడి కథ మన భాషా మైనారిటీ బడులవాళ్లకు మరీ దగ్గరగా ఉంటుంది.

ఇంటి భాష నిషేధించిన బడి

రోజా 1871 మార్చి 5న జామోష్చ్ అనే పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అప్పటికి ప్రపంచ పటంలో పోలండ్ అనే దేశం లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని పంచుకున్నాయి. జామోష్చ్ రష్యా వాటాకు వచ్చింది. తండ్రి కలప వ్యాపారి. తల్లికి సాహిత్యమంటే ప్రాణం. ఐదుగురు పిల్లల్లో రోజాయే చిన్న. ఆమెకు రెండేళ్లప్పుడు కుటుంబం వార్సాకు మారింది. ఐదో ఏట తుంటి జబ్బు చేసి దాదాపు ఏడాది మంచాన ఉన్నారు. జబ్బేమిటో వైద్యులు సరిగా గుర్తించలేకపోయారు. ఫలితంగా జీవితమంతా కుంటుతూనే నడిచారు. మంచం మీద ఉండగానే చదవడం, రాయడం పట్టుబడ్డాయి.

తరవాత వార్సాలోని ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో చేరారు. అక్కడ చదువంతా రష్యన్‌లోనే. పోలిష్ పిల్లలు తమలో తాము కూడా పోలిష్‌లో మాట్లాడుకోకూడదని నియమం. యూదుల పిల్లలకు సీట్లూ కొద్దే. ఇన్ని అడ్డంకుల మధ్య 1887లో తరగతిలో అందరికన్నా మంచి మార్కులతో బయటికి వచ్చారు. బంగారు పతకం రావలసింది. అధికారుల పట్ల వినయం లేదన్న కారణంతో ఇవ్వలేదు. అప్పటికే ఆమె రహస్య రాజకీయ బృందాలతో తిరుగుతున్నారు. పోలీసులు పట్టుకుంటారని తెలిసి 1889లో, పద్దెనిమిదేళ్ల వయసులో, సరిహద్దు దాటి స్విట్జర్లాండ్ చేరారు.

ఆడపిల్లలను మగవాళ్లతో సమానంగా చేర్చుకున్న కొద్ది విశ్వవిద్యాలయాల్లో జ్యూరిక్ ఒకటి. రోజా అక్కడ ప్రకృతి శాస్త్రాలతో మొదలుపెట్టి అర్థశాస్త్రానికి వచ్చారు. 1897లో డాక్టరేట్ అందుకున్నారు. పోలండ్‌లో పరిశ్రమలు ఎలా పెరిగాయన్నది పరిశోధనాంశం. అక్కడి బట్టల మిల్లులు రష్యా సంత మీదే బతుకుతున్నాయని ఆమె లెక్కలతో చూపించారు.

1898లో జర్మనీకి వెళ్లారు. పరదేశి అన్న పేరుతో పోలీసులు వెళ్లగొట్టకుండా ఒక జర్మన్ పౌరుడితో కాగితం మీద పెళ్లి చేసుకున్నారు. ఆ కాగితమే తరవాత ఆమెను పంతులమ్మను చేసింది.

చిన్ననాటి భాషను ఆమె మరవలేదు. ప్రష్యా పాలనలో ఉన్న పోజ్నాన్ ప్రాంతపు బడుల్లో జర్మన్‌ను పిల్లల నెత్తిన రుద్దుతున్నప్పుడు, 1900లో పోలిష్‌లోనే ఒక చిన్న పుస్తకం రాసి తల్లిదండ్రులను ఎదిరించమని పిలిచారు. పోలండ్ విడి దేశం కావాలన్న ఉద్యమాన్ని మాత్రం ఆమె ఒప్పుకోలేదు. కార్మికుల మేలు దేశాల హద్దులను బట్టి ఉండదన్నది ఆమె నమ్మకం. ఎక్కడ ఎంత చిన్న సమూహమైనా సొంత భాషలో చదువుకునే హక్కు చట్టంలో ఉండాలని మాత్రం 1908–09లో రాసిన వ్యాసాల్లో వాదించారు. విడి దేశం విషయంలో చరిత్ర ఆమె మాట వినలేదు. 1918లో పోలండ్ స్వతంత్రమైంది.

బెర్లిన్‌లో పార్టీ బడి

జర్మన్ సోషల్ డెమోక్రటిక్ పార్టీ 1906 నవంబరులో బెర్లిన్‌లో ఒక బడి తెరిచింది. పార్టీ శాఖలు, కార్మిక సంఘాలు ఏటా ముప్పై మంది దాకా ఎంపిక చేసి పంపేవి. అక్టోబరు నుంచి మార్చి దాకా చదువు. వచ్చేవాళ్లలో చాలామంది చేతిపనివాళ్లు, కార్మికులు. చిన్ననాడు ప్రాథమిక పాఠశాలతో ఆగిపోయినవాళ్లే ఎక్కువ. 1907–08 తరగతిలో కూర్చున్న విల్‌హెల్మ్ పీక్ అనే వడ్రంగి తరవాతి కాలంలో తూర్పు జర్మనీ అధ్యక్షుడయ్యాడు.

మొదటి ఏడాది అక్కడ పాఠాలు చెప్పిన హిల్ఫర్‌డింగ్, పనెకూక్ విదేశీయులు. బోధన మానకపోతే దేశం నుంచి పంపేస్తామని ప్రష్యా పోలీసులు బెదిరించారు. ఆ ఖాళీలో 1907 అక్టోబరులో రోజా చేరారు. కాగితం పెళ్లి వల్ల ఆమె జర్మన్ పౌరురాలు, పోలీసులు ఏమీ చేయలేకపోయారు. బోధకుల్లో ఆడమనిషి ఆమె ఒక్కరే. చెప్పవలసింది అర్థశాస్త్రం, ఆర్థిక చరిత్ర.

ఈ బడి పెడుతున్నప్పుడు తనకే నమ్మకం కుదరలేదని ఆమె తరవాత దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. పాఠాలు మొదలయ్యాక అభిప్రాయం మారింది. 1908లో న్యూరెంబర్గ్‌లో జరిగిన పార్టీ మహాసభలో కొందరు పెద్దలు, కార్మికులకు ఇంత సిద్ధాంతం అరగదని విమర్శించారు. రోజా లేచి జవాబిచ్చారు. కూలి కోత, పని గంటలు, అద్దె బాధ కార్మికుడికి ఒకరు చెప్పవలసినవి కావు, రోజూ అనుభవించేవే. వాటిని ఒకదానితో ఒకటి కలిపి చూపించే దారమే అతనికి అందలేదు, ఆ దారమే సిద్ధాంతం అన్నది ఆమె వాదన.

ఆమె ఉపన్యాసాలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. ఒకరు జవాబు చెబితే దాని మీద ఇంకో ప్రశ్న వేసేవారు. ఇంకొకరిని ఖండించమనేవారు. తరగతి అంతా వాదించుకుని ఒక చోటికి వచ్చేదాకా తన మాట చెప్పేవారు కాదు. పోటీ పరీక్షల కాలంలో ఉన్న మనకు ఇది తీరిక ఉన్నవాళ్ల పద్ధతిలా అనిపించవచ్చు. ఆ విద్యార్థులకు ఉన్నది ఆరు నెలలే.

ఆమె నేర్పిన లెక్క

పాఠాల మూలం కార్ల్ మార్క్స్ రాసిన పెట్టుబడి గ్రంథం. అందులోని ప్రాథమిక లెక్కను మన పిల్లలకూ చెప్పవచ్చు.

కార్మికుడు అమ్ముకునేది పని చేసే సత్తువ. దాని ఖరీదు అంటే అతను, అతని కుటుంబం బతికి మర్నాడు మళ్లీ పనికి రావడానికి కావలసిన తిండి, బట్ట, అద్దె. పది గంటల పనిదినం అనుకుందాం. ఆ కూలికి సరిపడే విలువను అతను మొదటి ఐదు గంటల్లోనే తయారు చేశాడనుకుందాం. ఒప్పందం పది గంటలకు కాబట్టి ఇంటికి పోలేడు. మిగతా ఐదు గంటల్లో పుట్టిన విలువ యజమానికి చేరుతుంది. దీన్నే మార్క్స్ అదనపు విలువ అన్నారు. వడ్డీ, అద్దె, లాభం అన్నీ ఇందులోంచి పంచుకునేవేనని ఆయన లెక్క.

ఇందులో తూకం మోసం లేదు. చెప్పిన కూలి చెప్పినట్టు ఇచ్చినా ఈ లెక్క మారదు. అందుకే సేటు మంచివాడా కాదా అన్న మాట ఇక్కడ పెద్దగా పని చేయదు. పోటీలో నిలవాలంటే మంచి సేటైనా లాభాన్ని కొత్త యంత్రాల్లో పెట్టాలి. కొత్త యంత్రం కొందరి పని తీసేస్తుంది. పని లేనివాళ్లు మిల్లు గేటు దగ్గర నిలబడితే లోపలివాళ్లు కూలి పెంచమని గట్టిగా అడగలేరు. ఈ లెక్కను ఒప్పుకోని అర్థశాస్త్రవేత్తలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. లాభం యజమాని తెగింపుకు, ఓపికకు ప్రతిఫలమని వాళ్లంటారు. రెండు వాదనలూ పిల్లల ముందు పెట్టవచ్చు.

రోజా ఇంకో పని చేసేవారు. కూలి, లాభం లేని కాలాలు కూడా ఉన్నాయని చూపించేవారు. పాత జర్మన్ గ్రామాల ఉమ్మడి భూములు, పెరూలోని ఇంకా రాజ్యం, రష్యా గ్రామ సమాజాలు, భారతదేశపు పల్లెలు ఆమె పాఠాల్లోకి వచ్చేవి. ఇప్పుడున్న పద్ధతి ఒకనాడు మొదలైందని తెలిస్తే, ఒకనాడు మారవచ్చని విద్యార్థికి తనంతట తానే తోస్తుందని ఆమె ఉద్దేశం.

ఈ పాఠాలను పుస్తకంగా రాస్తూ 1912లో ఒక ముడి దగ్గర ఆగిపోయారు. తయారైన సరుకంతటినీ కొనేంత కూలి కార్మికులకు రాదు. యజమానులు లాభంలో కొంత తిని, మిగతాది మళ్లీ పెట్టుబడిగా పెడతారు. మరి ఆ మిగులు సరుకును కొనేదెవరు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని నాలుగు నెలల్లో పెద్ద పుస్తకం రాశారు. 'పెట్టుబడి సంచయం' పేరుతో అది 1913లో వచ్చింది. పెట్టుబడి తన బయట ఉన్న రైతులను, చేతివృత్తులవాళ్లను, వలసలను మింగుతూనే పెరగగలదని ఆమె తేల్చారు. అందులో మన దేశం మీదా పేజీలున్నాయి. బ్రిటిష్‌వాళ్లు పల్లెల ఉమ్మడి భూమిని శిస్తు కోసం ఎలా చీల్చారో, పాత నీటి వసతులను ఎలా పాడుబెట్టారో వివరించారు. ఆమె లెక్కలో తప్పుందని లెనిన్‌తో సహా చాలామంది మార్క్సిస్టులే విమర్శించారు. ఆ చర్చ నేటికీ ముగియలేదు. ఇంత పెద్ద చర్చకు మొదలు కార్మికులకు పాఠం తేటగా చెప్పాలన్న ఒక పంతులమ్మ తాపత్రయం.

జైలు గోడల మధ్య

1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది, బడి మూతపడింది. ఇతర దేశాల కార్మికుల మీద తుపాకీ ఎత్తవద్దని అంతకుముందే ప్రసంగించినందుకు ఆమెకు ఏడాది శిక్ష పడింది. 1916 జూలైలో మళ్లీ పట్టుకుని విచారణ లేకుండానే 1918 నవంబరు దాకా ఉంచారు. జైల్లో పాఠాల పుస్తకం తిరగరాశారు. రష్యన్ రచయిత కొరొలెంకో ఆత్మకథను జర్మన్‌లోకి అనువదించారు. చిన్ననాడు నెత్తిన రుద్దిన భాషలోని మంచి పుస్తకాన్ని ఇంకో భాషవాళ్లకు అందించారు. పూలు, ఆకులు సేకరించి పుస్తకాల్లో అంటించి పేర్లు రాసుకున్నారు. 1917 చివర జైలు ఆవరణలోకి బండి లాగుతూ వచ్చిన దున్నను సైనికుడు రక్తం కారేలా కొట్టడం చూసి, స్నేహితురాలికి రాసిన ఉత్తరం ఇప్పటికీ జనం చదువుతారు.

1917 రష్యా విప్లవాన్ని ఆమె స్వాగతించారు. అయితే ఎన్నికైన సభను రద్దు చేయడం, పత్రికల నోరు నొక్కడం తప్పని జైలు నుంచే రాశారు. తనవాళ్లనూ ప్రశ్నించకుండా వదల్లేదు.

బయటికి వచ్చాక 1918 చివర జర్మన్ కమ్యూనిస్టు పార్టీ స్థాపనలో పాల్గొన్నారు. రాబోయే ఎన్నికల్లో పాల్గొందామని చెబితే పార్టీలో మెజారిటీ వినలేదు. 1919 జనవరిలో బెర్లిన్‌లో తిరుగుబాటు రేగి అణగారింది. జనవరి 15న సైనికులు ఆమెను పట్టుకుని, తుపాకీ మడమతో కొట్టి, కాల్చి, శవాన్ని కాలువలో పడేశారు. అప్పటికి ఆమెకు నలభై ఏడేళ్లు. శవం మే నెలాఖరుకు గానీ దొరకలేదు. పాఠాల పుస్తకం అసంపూర్తిగానే 1925లో అచ్చయింది.

రోజా రాజకీయాలతో మనం ఏకీభవించనక్కర్లేదు. ఇంటి భాష నోట రానివ్వని బడిలో చదివిన పిల్ల, పెద్దయ్యాక తన తరగతిలో ఎవరి నోరూ మూయించలేదన్నది మాత్రం గుర్తుంచుకోదగ్గది. ఈసారి పారిశ్రామిక విప్లవం పాఠం వచ్చినప్పుడు నేను జవాబుతో మొదలుపెట్టను. ఇంట్లో రోజు కూలి ఎంత, ఎన్ని గంటలు, ఆ సరుకు దుకాణంలో ఎంతకు అమ్ముతున్నారు, మధ్యలో ఎవరెవరి చేతులు మారింది అని కనుక్కుని రమ్మంటాను. అమ్మానాన్నలు తీరిక చేసుకుని ఆ లెక్క పిల్లలకు తెలుగులోనే చెప్పాలని నా మనవి. వాదన మేము తరగతిలో చేసుకుంటాం.