కట్టడములను కెమేరాతో కొలిచిన మైడెన్‌బవరు

రాజుల చరిత్రలను, యోధుల చరిత్రలను మన విద్యార్థులు పాఠ్యపుస్తకములలో తరచుగా చదువుచుందురు. తన పనికి తగిన పనిముట్టు అంగడిలో దొరకనపుడు పనిని విడువక, పనిముట్టునే మార్చుకొనిన ఒక వాస్తుశిల్పి చరిత్రను ఈ యేడు మేము చెప్పదలచితిమి. ఆయన పేరు ఆల్‌బ్రెక్టు మైడెన్‌బవరు.

ఆయన జర్మనీ దేశమునందలి తోలై అను చిన్న ఊరిలో 1834వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీన జన్మించెను. బెర్లిను నగరములోని వాస్తువిద్యాలయమున చదివెను. 1858లో వెట్స్‌లార్ పట్టణమునందలి పురాతనమైన పెద్ద దేవాలయమును కొలిచి పటములు గీయు పని ఆయనకు అప్పగింపబడెను. ఆ దినములలో కట్టడమును కొలుచుట యనగా గోడల పైకెక్కి, కొలబద్ద పట్టి, ప్రతి కిటికీని, ప్రతి స్తంభమును చేతితో కొలుచుటయే. అట్లు మిక్కిలి ఎత్తున పనిచేయుచుండగా ఒకనాడాయన క్రిందపడబోయి, వెంట్రుకవాసిలో ప్రాణము దక్కించుకొనెను. అప్పుడే ఆయనకొక ఆలోచన తోచెను. మనుష్యుడు గోడ నెక్కనక్కరలేకుండ, నేలపై నిలిచి తీసిన ఛాయాచిత్రముమీదనే కొలతలను తీయరాదా?

ఆలోచన సులభము, ఆచరణము కష్టము. కారణమేమనిన, నాటి కెమేరాలకున్న లెన్సులు, అనగా కటకములు, ఈ పనికి పుట్టినవి కావు. మనుష్యుల ముఖములను తీయు కటకము మిక్కిలి ఇరుకైన మేరనే చూపును. ప్రకృతి దృశ్యములకు వాడు కటకము అంచులయందు తిన్నని గీతలను వంకరగా చూపును. పెద్ద దేవాలయముల చుట్టును సాధారణముగా ఇండ్లును, ఇరుకు వీధులును ఉండును గనుక వెనుకకు జరుగుటకు చోటు చాలదు. కెమేరాను పైకి వంచినయెడల గోపురములు ఒకదానివైపు ఒకటి ఒరిగినట్లు కనబడును. కావున కెమేరాలోని గాజుపలక గోడవలె నిటారుగా నిలువవలెను. కటకము విశాలమైన మేరను వంకర లేకుండ చూపవలెను.

అట్టి కటకము 1865లో వెలువడెను. రాతెనో పట్టణపు ఎమిల్ బుష్ కర్మాగారమువారు పాంటోస్కోపు అను పేర దానిని చేసిరి. అది 90 డిగ్రీలకు మించిన కోణమును చూడగలిగెను. అది లోనికి పోనిచ్చు వెలుతురు స్వల్పము. కదలక కూర్చుండలేని మనుష్యుల చిత్రములకు అది లోపమే. కాని రాతిగోడ ఎంతసేపైనను కదలదు గదా!

కటకము దొరికినను బజారు కెమేరా ఆయనకు పనికిరాలేదు. దానిలో కటకమునకును పలకకును నడుమనున్న దూరము మాటిమాటికి మారుచుండును. ఆ దూరము స్థిరముగా నున్ననే చిత్రములోని ప్రతి బిందువు ఏ దిక్కున నున్నదో లెక్కకట్టవచ్చును. అందుచేత ఆయన మామూలు కెమేరాను విడిచి, 1867లో కొలతకొరకే ఒక కెమేరాను చేయించెను. అందులో దూరము మారదు. పలకమీద అడ్డముగను నిలువుగను గీతల గుర్తులు పడును. ఒకే కట్టడమును రెండు చోట్లనుండి తీసి, రెండు చిత్రములలోని దిక్కులను కాగితముపై గీచినచో, ఆ గీతలు కలిసిన చోటే ఆ బిందువుయొక్క స్థానము. జ్యామితి నేర్చిన మన బాలురు దీనిని సులభముగా గ్రహింపగలరు. ఆ యేడే ఫ్రైబుర్గు పట్టణమున ఆయన ఈ పద్ధతిని పరీక్షించెను. ఫొటోగ్రామెట్రీ అను పేరు ఆయన వ్యాసమునందు ఆ సంవత్సరమే అచ్చయ్యెను.

అయినను ఆయన కోరిన సంస్థ వెంటనే ఏర్పడలేదు. దేశమందలి పురాతన కట్టడములన్నిటికిని కొలతచిత్రముల భాండాగార ముండవలెనని ఆయన కోరిక. కట్టడములు నిప్పుచేతను, యుద్ధముచేతను, వృద్ధాప్యముచేతను నశించుననియు, చిత్రమున్నయెడల వాటిని తిరిగి కట్టవచ్చుననియు ఆయన వాదము. పదునెనిమిది సంవత్సరములు గడచిన తరువాత, 1885లో ప్రష్యా ప్రభుత్వమువారు బెర్లినులో కొలతచిత్రముల సంస్థను స్థాపించి ఆయనను అధిపతిగా నియమించిరి. అప్పటికాయన వయస్సు ఏబదియొకటి. 40 సెంటీమీటర్ల చదరపు గాజుపలకలను మోసికొని ఆయన పనివారు ఊరూర తిరిగిరి. 1909లో ఆయన ఉద్యోగము విరమించెను. 1920 నాటికి పలకలు సుమారు 20,000 అయ్యెను. 1921వ సంవత్సరము నవంబరు 15వ తేదీన ఆయన బాడ్ గోడెస్‌బర్గులో మరణించెను.

ఆయన భయపడినదే జరిగెను. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులచే జర్మనీలో అనేక కట్టడములు కూలెను. ఆయన చదివిన వాస్తువిద్యాలయ భవనము 1945లో దెబ్బతిని, 1962లో నేలమట్టమాయెను. కాని గాజుపలకలలో పెక్కు నిలిచెను. కూలిన కట్టడములను తిరిగి లేపిన శిల్పులకు అవి మార్గదర్శకములాయెను. నేడు వాటిని బ్రాండెన్‌బర్గు రాష్ట్రపు పురావస్తు శాఖవారు భద్రపరచుచున్నారు.

రాతికంటె గాజు పెళుసైనది. అయినను కొన్ని చోట్ల రాయి పోయి గాజు మిగిలినది. ఇరువదినాలుగేండ్ల ప్రాయమున తోచిన ఆలోచనను ఏబదియొకటవ యేట వరకు విడువని ఓర్పే దీనికి కారణము. పనిముట్టు లేదని పని మానుకొనువారు మనలో పెక్కుమంది కలరు. తన పనికి సరిగా ఏది కావలెనో ముందు తెలిసికొని, దానికొరకు కాచుకొని, దొరకనిదానిని చేయించుకొనుట మైడెన్‌బవరువలన మనము నేర్వదగిన పాఠము.