సిమోన్ ద బోవార్

కట్నం ఇచ్చుకోలేని తండ్రి కూతురికి చదువు చెప్పించడం మన ఇళ్ళలో వినని కథ కాదు. ఫ్రాన్సు దేశంలోనూ అటువంటి కథ ఒకటి జరిగింది. ఆ కూతురు సిమోన్ ద బోవార్.

ఆమె 1908 జనవరి 9న పారిస్‌లో జన్మించింది. తండ్రి న్యాయవాది, తల్లి నిష్ఠగల కాథలిక్కు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వారి ఆస్తి కరిగిపోయింది. కట్నం లేదు గనుక కూతుళ్ళిద్దరూ ఉద్యోగం చేసుకుని బ్రతకవలసిందేనని తండ్రి తేల్చి చెప్పాడు. ఆయనకు చిన్నతనంగా తోచిన ఆ సంగతే ఆమెకు దారి చూపింది.

ఆమె చిన్ననాటి ప్రాణస్నేహితురాలు జాజా. ఆచారం తప్పని కలవారి పిల్ల. కోరుకున్న యువకునితో పెళ్ళికి ఇంట్లో అడ్డు చెప్పారు. ఆ వేదనలోనే జబ్బుపడి, 1929 నవంబరులో ఇరవై రెండేళ్ళయినా నిండకుండా కన్నుమూసింది. ఆ మరణాన్ని సిమోన్ జీవితాంతం మరువలేదు. అదే ఏడు తత్త్వశాస్త్రంలో అధ్యాపకుల పోటీ పరీక్షలో ఆమెకు రెండవ స్థానం వచ్చింది. మొదటి స్థానం జాన్ పాల్ సార్త్రేది. పెళ్ళి లేకుండానే 1980లో ఆయన మరణించేవరకూ వారు సహచరులుగా మెలిగారు.

మనిషి స్వభావం ముందే రాసిపెట్టి ఉండదు, తన ఎంపికలతో తానే దాన్ని రూపొందించుకుంటాడు అన్నది అస్తిత్వవాదం. మరి ఎంచుకునే వీలే లేకుండా పెంచిన ఆడపిల్ల మాటేమిటి? ఈ ప్రశ్నకు సమాధానమే 1949లో వెలువడిన ‘ది సెకండ్ సెక్స్’. పురుషుణ్ణి ప్రమాణంగా పెట్టుకుని లోకం స్త్రీని పరాయిదిగా చూసిందని, ఆ తక్కువతనం ప్రకృతి ఇచ్చినది కాదు, పెంపకం, ఆచారం, చట్టం కలిసి చేసినదని ఆమె వాదించింది. సొంత సంపాదన అవసరమే గాని, అదొక్కటే చాలదన్నది. 1956లో వాటికన్ ఆ గ్రంథాన్ని నిషిద్ధ జాబితాలో చేర్చింది. ఫ్రాన్సులో స్త్రీలకు ఓటు హక్కు 1944లో వచ్చింది. భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చేసే హక్కు 1965 చట్టంతోగాని రాలేదు.

సోషలిజం వస్తే స్త్రీ సమస్య తానే తీరుతుందని ఆమె మొదట నమ్మింది. ఆ నమ్మకం సడలి, 1970 తరువాత స్త్రీల ఉద్యమంలో నేరుగా దిగింది. గర్భస్రావ హక్కు కోరుతూ 1971లో 343 మంది స్త్రీలు చేసిన ప్రకటనపై సంతకం చేసింది. 1975లో ఆ చట్టం వచ్చింది.

ఆమె జీవితం మచ్చలేనిది కాదు. ఉపాధ్యాయినిగా ఉన్నప్పుడు విద్యార్థినులతో మెలిగిన తీరుకు వచ్చిన విమర్శను తోసిపుచ్చలేము. 1986 ఏప్రిల్ 14న ఆమె మరణించింది. మోంపర్నాస్ శ్మశానంలో సార్త్రే పక్కనే సమాధి చేశారు.

జాజాకు దొరకని ఎంపిక మన ఆడపిల్లలకు దొరుకుతున్నదా అని ప్రతి ఇల్లూ తనను తాను అడగవలసిన ప్రశ్న.